మన ఇంటి కప్పు – మన కరెంటు బిల్లు

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు నెలలో మూడు రోజుల తేడాతో రెండు ముఖ్యమైన దినాలు వస్తాయి. 17వ తేదీ మనది. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను యజమాని దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. అంతకు మూడు రోజుల ముందు, 14వ తేదీన జాతీయ ఇంధన పొదుపు దినం వస్తుంది. మొదటిదాన్ని మనం ఏటా సభ పెట్టి జరుపుకుంటాం. రెండోది బడిపిల్లల వ్యాసరచన పోటీతోనూ, ఒక ఊరేగింపుతోనూ ముగిసిపోతుంది. ఈ రెండో దినానికి మనతో ఎంత సంబంధం ఉన్నదో నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు ఆదేశించారు. విద్యుత్ బోర్డులో చేరి, మాచర్ల, గురజాల, నరసరావుపేటలలో పనిచేసి, డిస్కం ఉద్యోగిగా రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ పని నాకు అప్పగించి ఉంటారు.

మన రాబడికి ఒక హద్దు ఉన్నది. కరువు భృతి ఎప్పుడు వస్తుందో, బకాయిలు ఎప్పుడు జమ అవుతాయో మన చేతిలో లేదు. కరెంటు బిల్లు మాత్రం నెల తప్పకుండా వస్తుంది. మందుల ఖర్చును తగ్గించుకోలేం. మనుమల చేతిలో పెట్టే పది రూపాయలు తగ్గించుకోవడానికి మనసొప్పదు. సుఖం తగ్గకుండా తగ్గించుకోగలిగిన ఖర్చు ఏదైనా ఉంటే అది కరెంటు ఖర్చే. అయితే అది ఒక్కొక్కరం లైటు ఆర్పితే తీరే సమస్య కాదని, ఊరు, జిల్లా, ప్రభుత్వం కలిసి చేయవలసిన పని అని మనవి చేయడమే ఈనాటి నా ఉద్దేశం.

గోడ మీది నినాదం

మా ఆఫీసు గోడల మీద పూర్వం ఒక నినాదం రాసి ఉండేది: ఒక యూనిట్టు ఆదా చేస్తే రెండు యూనిట్లు ఉత్పత్తి చేసినట్టే అని. రెండు అనడం కొంచెం పెంచి చెప్పడమే కావచ్చు గాని, మాటలో నిజమున్నది. మీ ఇంట్లో ఒక యూనిట్టు వెలగాలంటే విద్యుత్ కేంద్రంలో ఒక్క యూనిట్టు తయారైతే చాలదు. ఆ కేంద్రం తన యంత్రాలకు కొంత వాడుకుంటుంది. హైటెన్షన్ లైన్లలో కొంత, ట్రాన్స్‌ఫార్మర్లలో కొంత, మీ వీధి తీగల్లో కొంత వేడి రూపంలో పోతుంది. బొగ్గు కేంద్రంలో ఒక్కో యూనిట్టుకు సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలుతుంది.

మాకు పక్కనే నాగార్జునసాగర్ ఉన్నది కదా, కరెంటుకేం తక్కువ అని మాచర్లవాళ్ళు అంటూ ఉండేవారు. సాగర్ కుడి కాలువ మీది విద్యుత్ కేంద్రం సామర్థ్యం 90 మెగావాట్లు. కాలువకు నీళ్ళు వదిలినన్నాళ్ళే అది తిరుగుతుంది. మన ఫ్యాన్లు ఎక్కువగా తిరిగే మే నెలలో కాలువ ఎండి ఉంటుంది. అప్పుడు దిక్కు బొగ్గే.

వేసవి సాయంత్రం ఆరు నుంచి పది దాకా మా సిబ్బందికి పరీక్షా సమయం. ప్రతి ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, టీవీ ఒక్కసారిగా పడతాయి. ఓల్టేజి పడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం మించితే కాలిపోతుంది. అది మార్చేదాకా వీధి వీధంతా చీకటి. అందుచేత మన ఇంట్లో తగ్గే ప్రతి వాటు, పక్కింటి ముసలమ్మ గదిలో ఫ్యాను ఆగకుండా తిరగడానికి కూడా పనికి వస్తుంది.

పది రూపాయల బల్బు నేర్పిన పాఠం

ప్రాంతం మొత్తానికి ఒక పథకం పెడితే ఏమి జరుగుతుందో మన కళ్ళతో మనం చూశాం. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ళకు ఎల్.ఇ.డి. బల్బులు పంచే కార్యక్రమం మొదట నాలుగు జిల్లాల్లో ప్రారంభమైంది. అవి గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి. అప్పటికి మన పల్నాడు గుంటూరు జిల్లాలో భాగం. 2022 ఏప్రిల్ 4న గదా నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఇంటికి రెండు పాత 60 వాట్ల బల్బులు తెచ్చి ఇస్తే, ఒక్కోటి 10 రూపాయల చొప్పున 7 వాట్ల కొత్త బల్బులు రెండు ఇచ్చారు. ఆనాడు బజారులో అటువంటి బల్బు కొనాలంటే వందల రూపాయల మాట.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక్కో బల్బుకు 53 వాట్లు తగ్గింది. రెండింటికి 106 వాట్లు. రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 16 యూనిట్ల దాకా ఆదా. ఇది ఒక ఇంటి సంగతి. పదివేల ఇళ్ళలో ఈ రెండు బల్బులూ ఒకే సమయంలో వెలుగుతాయనుకుంటే, సాయంత్రం వేళ ఒక మెగావాటుకు పైగా భారం తగ్గినట్టు. ఎనిమిదిన్నర లక్షల ఇళ్ళయితే ఇందాక చెప్పిన కుడి కాలువ కేంద్రం మొత్తం సామర్థ్యంతో సమానం. డ్యాము కట్టలేదు, భూమి సేకరించలేదు, బొగ్గు తవ్వలేదు.

2015 జనవరి 5న ఇదే పద్ధతిని దేశమంతటికీ ప్రవేశపెట్టారు. అదే ఉజాలా. ప్రభుత్వ సంస్థ ఒకేసారి కోట్ల బల్బులకు టెండరు పిలిచినందువల్ల, 2014 ఆరంభంలో 310 రూపాయలకు కొన్న బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగివచ్చింది. ఇంతవరకు 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ఇవాళ మారుమూల తండాలోని కిరాణా కొట్టులో కూడా పాత గుండు బల్బు అరుదైపోయింది. కోటప్పకొండ తిరునాళ్ళలో విద్యుత్ ప్రభలు చూసి పెరిగిన మనకు వెలుగు అంటే మమకారం ఎక్కువ. ఆ వెలుగు తగ్గకుండానే భారం తగ్గింది.

ఇందులో గ్రహించవలసింది ఒకటున్నది. బల్బు మార్చుకోండి అని పత్రికల్లో ఎన్నేళ్ళు రాసినా జరగని పని రెండు మూడేళ్ళలో జరిగింది. ఎందువల్ల? ధర అందుబాటులోకి తెచ్చారు. నాణ్యతకు సర్కారు పూచీ ఉన్నది. వస్తువు మన ఊరికే వచ్చింది. కొన్ని రాష్ట్రాల్లో డబ్బు కూడా ఒకేసారి తీసుకోకుండా, బిల్లులో నెలకు పది రూపాయల చొప్పున కలుపుకున్నారు. ఉపదేశం ఒక్కటే చాలదు, ఏర్పాటు ఉండాలి.

చట్టం ఎంతవరకు వచ్చింది

బల్బు తరువాత చూడవలసింది భవనం. ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. 2002 మార్చి 1న ఢిల్లీలో ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడింది. 2006 నుంచి ఫ్రిజ్‌ల మీద, ఎ.సి.ల మీద నక్షత్రాల లేబులు అంటించడం మొదలైంది. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు కూడా ఆ లేబులు తప్పనిసరి చేశారు. 2007లో పెద్ద వాణిజ్య భవనాలకు ఒక నియమావళి తెచ్చారు. గోడ, కప్పు, కిటికీ, దీపాలు, ఎ.సి. యంత్రాలు ఏ ప్రమాణంలో ఉండాలో అందులో చెప్పారు. అయితే దాన్ని అమలు చేయవలసింది రాష్ట్రాలు. మన ఉమ్మడి రాష్ట్రం 2014 జనవరిలో ఉత్తర్వు ఇచ్చి, ప్లాను మంజూరు నిబంధనల్లోకి తెచ్చింది. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ నిపుణులు ఈ పనిలో తోడ్పడ్డారు.

అయితే అది ఎవరికి వర్తిస్తుంది? 1,000 చదరపు మీటర్ల స్థలం గాని, 2,000 చదరపు మీటర్ల కట్టుబడి గాని ఉన్న వాణిజ్య, ప్రజోపయోగ భవనాలకు. హోటళ్ళు, ఆసుపత్రులు, మల్టీప్లెక్సుల వంటివాటికి. 1,000 మీటర్లంటే సుమారు 1,200 గజాలు. మనలో ఎంతమందికి 1,200 గజాల స్థలమున్నది? పింఛను అమ్ముకొని, పి.ఎఫ్. తీసి, 150 గజాల్లో రెండు గదులు వేసుకున్నవాళ్ళం మనం.

2018 డిసెంబరు 14న నివాస భవనాలకు కూడా 'ఎకో నివాస్ సంహిత' అనే నియమావళి విడుదల చేశారు. అందులో ఒక మంచి సూత్రం ఉన్నది. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు, చదరపు మీటరు కప్పు గుండా 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదు. మనం మామూలుగా వేసుకునే వట్టి సిమెంటు స్లాబు ఇంతకు రెట్టింపు కన్నా ఎక్కువ వేడిని దించుతుంది. 2022లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 100 కిలోవాట్లు అంతకు మించిన లోడు గల నివాస భవనాలను కూడా దీని పరిధిలోకి తెచ్చింది. ఆ హద్దును తగ్గించుకునే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. 100 కిలోవాట్లంటే పెద్ద అపార్టుమెంటు సముదాయం. మన ఇంటి లోడు రెండు, మూడు కిలోవాట్లు. చట్టం వీధి మొగదాకా వచ్చింది గాని, మన గడప తొక్కలేదు.

ఎండ మనది, సున్నమూ మనదే

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వేసవిలో రాష్ట్రంలో ఎక్కడ ఎక్కువ ఎండ కాసిందని పేపరు తిరగేస్తే తరచు కనిపించే పేరు మన రెంటచింతల. పూర్వం మన పల్లెల్లో ఇళ్ళు మందపాటి రాతి గోడలతో, మట్టి మిద్దెలతో, పూరి కప్పులతో ఉండేవి. వానకు ఇబ్బందే గాని ఎండకు చల్లగా ఉండేవి. తరువాత వచ్చిన స్లాబుల మీద కూడా ఆ రోజుల మేస్త్రీలు గానుగ సున్నంతో కాంక్రీటు వేసి దిమ్మిస కొట్టించేవారు. క్రమేణా అది ఖర్చు కింద కొట్టివేశారు. ఇప్పుడు వట్టి స్లాబు. అది పగలంతా ఎండను తాగి, పొద్దు కూకిన తరువాత దాన్ని గదిలోకి దించుతుంది. రాత్రి పదకొండింటికి బయట గాలి తిరిగినా లోపల మంచం కాలుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలే తిరుగుతుంది. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాను మేలు చేయకపోగా ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది.

ఇది సుఖానికి సంబంధించిన మాట మాత్రమే కాదు. 2015 వేసవిలో వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా చనిపోయినట్లు ప్రభుత్వ లెక్క. వయసు మీరిన ఒళ్ళు వేడిని తొందరగా బయటికి పంపలేదు. దాహం కూడా మనకు వెంటనే తెలియదు. కనుక మన వయసువారికి ఇంటి కప్పు ప్రాణంతో ముడిపడిన సంగతి.

దీనికి పరిష్కారం కప్పును తెల్లబరచడం. తెల్లని ఉపరితలం ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. ఇంటి కట్టుబడిని బట్టి గదిలో 2 నుంచి 5 డిగ్రీల దాకా వేడి తగ్గుతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. మన పిల్లలు చాలామంది ఉంటున్న కాలిఫోర్నియా రాష్ట్రం 1978 నుంచి భవనాలకు ఇంధన ప్రమాణాలు అమలు చేస్తున్నది. 2005 నుంచి చదును కప్పు గల వాణిజ్య భవనాలకు తెల్ల కప్పు నియమం పెట్టింది. మన పొరుగున తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు అది తప్పనిసరి. 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్ళకూ తప్పనిసరి. చిన్న ఇళ్ళకు ఐచ్ఛికం. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని లక్ష్యం పెట్టుకున్నారు. 2014 దాకా మనమూ వారూ ఒకే నియమావళి కింద ఉన్నవాళ్ళమే.

మరి ఆ తెలుపు ఎక్కడ దొరుకుతుంది? మన పిడుగురాళ్ళలో! దేశానికి సున్నం పంపే ఊరు. బట్టీలు మనవి, రాయి మనది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, పక్కనున్న సున్నాన్ని వదిలి, ఖరీదైన డబ్బాల వైపు చూస్తున్నాం. కంపెనీ రంగులు ఎక్కువ కాలం నిలుస్తాయి, నిజమే. స్తోమత ఉన్నవారు వేయించుకోవచ్చు. పగిలిన తెల్ల టైల్స్ ముక్కలు పరిపించుకోవచ్చు. కాని అందరికీ అందేది సున్నం.

పద్ధతి చెబుతాను. ముందు స్లాబు బీటలు పూడ్పించండి. నాచు, దుమ్ము గీకి కడిగించండి. బాగా విరిసిన సున్నాన్ని వడగట్టి, పట్టు కోసం కొంచెం ఫెవికాల్ వంటి జిగురు కలిపి, ఒకదాని మీద ఒకటి ఆరనిచ్చి రెండు మూడు పూతలు వేయించండి. శివరాత్రి తరువాత, ఉగాది లోపల ఈ పని పూర్తి కావాలి. వానలకు కొట్టుకుపోతుంది గనుక ఏటా వేయించాలి. సున్నం కంట్లో పడితే ప్రమాదం. విరియబోయడం, పూయడం అలవాటున్న మనిషితోనే చేయించండి. మనం మేడ ఎక్కవద్దు.

పంకా నుంచి పద్దు దాకా

కప్పు తరువాత ఫ్యాను. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది. ఇప్పుడు వస్తున్న బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. మూడు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగే ఇంట్లో నెలకు 48 యూనిట్లు తగ్గుతాయి. పాత చోకు ఉన్న ట్యూబులైట్లు రెండు మార్చి, 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులు పెట్టి, రోజుకు అయిదు గంటలు వెలిగిస్తే మరో 10 యూనిట్లు.

2022 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో అమలులోకి వచ్చిన స్లాబుల ప్రకారం, 126 నుంచి 225 యూనిట్ల దాకా ఒక్కోటి 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8 రూపాయల 75 పైసలు. నెలకు 240 యూనిట్లు కాల్చే ఇల్లు 182కు దిగితే, 8.75 ధరలోని 15 యూనిట్లు, 6 రూపాయల ధరలోని 43 యూనిట్లు తప్పుతాయి. అంటే ఇతర చార్జీలు కాకుండానే 389 రూపాయలు మిగులు. పై మెట్టు మీది యూనిట్లే ముందు తగ్గుతాయి గనుక, కొంచెం పొదుపుకే ఎక్కువ ఫలితం.

అలాగని మూడు ఫ్యాన్లూ ఒకేసారి పీకెయ్యమనడం లేదు. మీరు పడుకునే గదిలో, ఎక్కువ గంటలు తిరిగేదాన్ని ముందు మార్చండి. మిగిలినవి పాడైనప్పుడు చూసుకోవచ్చు. నక్షత్రాలు లెక్కపెట్టేటప్పుడు లేబులు మీద సంవత్సరం కూడా చూడండి. ప్రమాణాలు పెరుగుతూ ఉంటాయి గనుక పాత అయిదు నక్షత్రాలు నేటి లెక్కలో తక్కువ కావచ్చు. ఎ.సి. ఉన్నవారు 24కు తగ్గించకుండా, ఫ్యాను కూడా వేసుకుంటే సరిపోతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బ్యూరో వారి మాట. మేడ మీద సోలారు పలకలు పెట్టుకోవడానికి 2024 నుంచి కేంద్రం మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా రాయితీ ఇస్తున్నది. మంచిదే. అయితే ముందు వాడకం తగ్గించుకొని, ఆ తరువాత ఎన్ని పలకలు కావాలో లెక్క వేసుకోండి. ఓటి కుండలో నీళ్ళు పోయడం ఎందుకు?

అందరికీ ఒకే పంక్తి

ఒక్క మాట చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణం. సున్నం బట్టీల దగ్గర, నాపరాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళు చూశారా? ఎక్కువ భాగం రేకుల ఇళ్ళు. ఊరందరికీ తెలుపునిచ్చేవాళ్ళు నల్లబడిన రేకుల కింద ఉడుకుతున్నారు. మనకైనా ఫ్యాను మార్చుకునే స్తోమత ఉన్నది. వాళ్ళకు పథకమే దిక్కు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన నేల ఇది. ఎండ నుంచి రక్షణ కూడా ఒకే పంక్తిలో అందరికీ వడ్డించాలి. రేకుల మీద సున్నం వేసేటప్పుడు మాత్రం ఎక్కి తొక్కకూడదు, విరుగుతాయి. పాత సిమెంటు రేకుల్ని పొడిగా గీకకూడదు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

కనుక మన సంఘం తరఫున మూడు పనులు చేయాలని ప్రతిపాదిస్తున్నాను.

మొదటిది, ఇంట గెలిచి రచ్చ గెలవాలి గనుక, వచ్చే ఉగాది లోపల మన సంఘ భవనం కప్పుకు సున్నం వేయించి, ముందూ తరువాతా గదిలో వేడి ఎంతో ఒక మామూలు గోడ థర్మామీటరుతో రోజూ రాసి పెడదాం. అంకెలు చేతిలో ఉంటే అధికారులు వింటారు. ఇది మనం నలభై ఏళ్ళ సర్వీసులో నేర్చుకున్న విద్య.

రెండవది, నరసరావుపేట, మాచర్ల, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి, వినుకొండ, చిలకలూరిపేట మునిసిపాలిటీలకు, గురజాల, దాచేపల్లి నగర పంచాయతీలకు వినతిపత్రం ఇద్దాం. ఇంటి ప్లాను మంజూరు చేసేటప్పుడు కప్పు తెల్లగా ఉండాలని ఒక్క షరతు చేర్చమని, బడులు, ఆసుపత్రులు, ట్రెజరీలు, రేకుల కాలనీలతో మొదలుపెట్టమని అడుగుదాం.

మూడవది, డిస్కం వారిని కలిసి, బల్బుల మాదిరిగానే మంచి ఫ్యాన్లను టోకున తెప్పించి, బిల్లులో వాయిదాలుగా వసూలు చేసే ఏర్పాటు పల్నాడుకు కోరుదాం. 2023లో కేంద్ర సంస్థ కోటి ఫ్యాన్ల పథకం ప్రకటించి ఉన్నది. అడిగినవారికి ముందు వస్తుంది.

ప్లాన్లు మంజూరు చేసినవాళ్ళు, ఎస్టిమేట్లు వేసినవాళ్ళు, ఫైళ్ళు నడిపినవాళ్ళు, పిల్లలకు పాఠాలు చెప్పినవాళ్ళు ఈ హాలులోనే ఉన్నారు. వినతిపత్రం ఎలా రాయాలో, ఏ బల్ల దగ్గర ఆగుతుందో, ఎలా కదిలించాలో మనకన్నా బాగా తెలిసినవారు ఎవరు? మన హక్కుల కోసం ఎన్నో ఏళ్ళు అర్జీలు పెట్టుకున్నాం. ఈసారి మన ఊరి కప్పుల కోసం ఒక అర్జీ పెడదాం.